పూవుకూరలు: మద్దూరు ప్రాంతపు వాడుక, నిఘంటువుల యర్థములు

తెలుగు నిఘంటువులలో చెట్టుచేమల పేర్లకు "వృక్షవిశేషము", "లతావిశేషము", "ఒకానొక పూవు" అని యర్థము వ్రాసి విడుచుట చిరకాలముగా నున్న యాచారము. కావ్యములు చదువువారికి ఈ యర్థము చాలవచ్చును. ఏలయన, కావ్యములలో పూవు ముడుచుటకును, పూజించుటకును, ఉపమానమునకును వచ్చును గాని తినుటకు వచ్చుట మిక్కిలి యరుదు. వంటయింటిలో నట్లు గాదు. అచ్చట పూవు పేరు తెలిసినంతమాత్రమున పని జరుగదు. దానిలో నే భాగము తినదగినదో, ఏది గిల్లివేయవలసినదో, ఏ పొద్దున కోయవలెనో, ఏ మాసమున దొరకునో, దానిని బోలిన విషపుష్పమేదో తెలియవలెను. ఈ తెలివి చాలవఱకు స్త్రీల చేతులలోను మాటలలోను నిలిచియున్నది. గ్రంథములలో చేరినది కొంచెము. 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వ్రాయునపుడు సురవరం ప్రతాపరెడ్డి ఆటలను, ఆహారములను దెలుపు పదములకు నిఘంటువులలో సరియైన యర్థములు దొరకక పడిన పాటు విద్వాంసులు ఎఱిగినదే. పూవుల విషయమున నా కొఱత నేటికిని తీఱలేదు.

దీనిని బరీక్షించుటకు మద్దూరు ప్రాంతము తగిన చోటు. మద్దూరు నేడు సిద్దిపేట జిల్లాలో నున్నది. 2016లో జిల్లాల పునర్విభజనము జరుగువఱకు వరంగల్లు జిల్లాలో నుండెను. నకాశీ పటములకు పేరుగన్న చేర్యాలయు, మల్లన్న వెలసిన కొమురవెల్లియు దీని పొరుగున నున్నవి. వానను నమ్ముకొన్న మెట్టనేలయు, చెఱువుల క్రింది కొలదిపాటి మాగాణియు నీ సీమ స్వరూపము. అరటితోటలకును మొగలిపొదలకును పేరుపడిన సీమ గాదు. కావున ఇచ్చటి వంటకు వచ్చు పూవు తోటనుండి కంటె చేనిగట్టునుండియు, దడినుండియు, ఇంటిముందఱి చెట్టునుండియు వచ్చినదే యెక్కువ.

పూవులకును వంటకును గల చుట్టఱికము ఇచ్చట బతుకమ్మ పండుగలో మొదట కానవచ్చును. భాద్రపద బహుళామావాస్య మొదలు ఆశ్వయుజ శుద్ధాష్టమి వఱకు తొమ్మిది దినములు స్త్రీలు తంగేడు, గునుగు, గుమ్మడి, బంతి, కట్ల, పట్టుకుచ్చు మొదలగు పూవులను వరుసలుగా పేర్చి, చుట్టును తిరిగి యాడి పాడి, నీట విడుతురు. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట ఇది రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడినది; తంగేడు రాష్ట్రపుష్పమైనది. పూవులు పేర్చు పాత్రము తాంబాళము గాని సిబ్బి గాని. సిబ్బి యనగా అన్నము వార్చునపుడు కుండమీద మూసి గంజి వంచు పాత్రము. నిత్యము మెతుకు జాఱకుండ కాచు పాత్రమే పండుగనాడు పూవులను మోయుచున్నది.

దినముల పేర్లలోను వంటయే యెక్కువ: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు, వెన్నముద్దలు, సద్దులు. ఏడవనాటి "వేపకాయల బతుకమ్మ"లో వేపకాయ లేదు. బియ్యపుపిండిని వేపకాయల యాకారముగా చేసి వేయించిన పిండివంటకు ఆ పేరు. ఈ యర్థము చేర్పని నిఘంటువును నమ్మినవాడు తెలంగాణపు పండుగను గూర్చి వింతమాటలు వ్రాయగలడు.

మొదటినాటి పేరు "ఎంగిలిపూల బతుకమ్మ". దీనికి చెప్పు కారణములు పెక్కు. ముందునాడే కోసితెచ్చి నీరు చల్లి నిలువయుంచిన పూవులు గాన నెంగిలియైనవని కొందఱందురు. కాడలను నోట కొఱికి సరిచేయుటవలన నని కొందఱు. భోజనము చేసిన పిమ్మట పేర్చుదురు గావున నని మఱికొందఱు. వీనిలో మొదటి కారణమునకు పదబలము తక్కువ. నిలువయుంచిన పూవును వాడినదనియో, నిద్రచేసినదనియో యందురు గాని ఎంగిలి యనరు. తక్కిన రెండును నోటితోడి సంబంధమును చెప్పుచున్నవి గాన పదముయొక్క సహజార్థమునకు దగ్గఱగా నున్నవి. దేవతకు ఎంగిలి పెట్టుట దోషమను శంకచేత పదమునకు వేఱర్థము కల్పింప బూనుట యనవసరము. ఈ పండుగ మడికట్టుకొని చేయు పూజ గాదు.

పేర్పులోని పూవులలో నేరుగా కూరకు వచ్చునది గుమ్మడి. ఇచ్చట నొక చారిత్రకమైన చిక్కు గలదు. తెలుగులో గుమ్మడి యను పేరు రెండు తీగలకు చెల్లుచున్నది. ఒకటి బూడిదగుమ్మడి, సంస్కృతమున కూష్మాండము, వడియములకును దిష్టి తీయుటకును వచ్చునది. ఇది ఆసియాఖండమున పూర్వకాలమునుండి యున్న తీగ. రెండవది తియ్యగుమ్మడి. దీని జన్మభూమి అమెరికా. 1492 తరువాత ఐరోపావారి యోడలతో గాని యది యీ ఖండమునకు రాలేదు. బంతియు నట్టిదే, అది మెక్సికో సీమ పూవు. కాకతీయ రాజ్యము 1323లో నంతమైనది. కావున బతుకమ్మను కాకతీయుల కాలమునకో, అంతకు ముందునకో చేర్పగోరువారు నేటి పేర్పులోని తియ్యగుమ్మడిపూవును, బంతిపూవును సాక్ష్యముగా చూపరాదు. ఆనాడు పూవులు పేర్చియుండినచో అవి తంగేడు మొదలగు నీనేల పూవులై యుండవలెను. గుమ్మడి యున్నను బూడిదగుమ్మడి కావలెను. దాని పూవును పసుపువన్నెదే, పెద్దదే. క్రొత్తతీగ వచ్చి పాతతీగ పేరును, పండుగలో దాని చోటును గూడ నాక్రమించెననుట కవకాశము గలదు. పేరు మాఱక వస్తువు మాఱినచో పదమునుబట్టి కాలము నిర్ణయించువారు మోసపోవుదురు. మిరపకాయ విషయమున పండితులీ జాగ్రత్తను చూపుచునే యున్నారు. పూవుల విషయమునను చూపవలసియున్నది.

తియ్యగుమ్మడి తీగమీద మగపూవులును ఆడుపూవులును వేఱువేఱుగా పూయును. మగపూవు సన్నని పొడుగుకాడమీద నిలుచును. ఆడుపూవు రెక్కల క్రింద చిన్నపిందె యుండును. మొదట పూయునవియు, ఎక్కువగా పూయునవియు మగపూవులే. కూరకు వానినే కోయవలెను. ఆడుపూవు కోసిన కాయ పోవును. మగపూవుల నన్నిటిని కోసినను కాయ పోవును. పుప్పొడి యందనిచో పిందె పసుపువాఱి రాలును. కావున తీగకు కొన్ని మగపూవులను విడిచి తక్కినవి తెచ్చుట తెలిసినవారి పద్ధతి. పూవు తెల్లవాఱుజామున విచ్చి, ఎండ ముదురులోపల ముడుచుకొనును. ఉదయము విచ్చియున్నప్పుడే కోయుట మేలు. ముడిచిన పూవులో తేనెటీగయో పురుగో చిక్కియుండును గాన విప్పి దులుపవలెను. రెక్కల క్రింద నూగుగల పచ్చనాకులను తీసివేసి, నడుమనున్న పుప్పొడికాడను గిల్లివేయుదురు, అది కొంచెము చేదు గావున. నీటిలో నానవేసిన రెక్కలు చీకిపోవును. చల్లి కడుగుటయే చాలును.

వండుటలో రెండు పద్ధతులు ముఖ్యములు. సెనగపిండికి కొంత బియ్యపుపిండి చేర్చి, ఉప్పు, కారము, వాము వేసి జాఱుగా కలిపి, పూవును ముంచి కాగిన నూనెలో వేయుట యొకటి. తఱిగి పెసరపప్పుతో వండుట రెండవది. ఇందు పప్పు ఉడికిన తరువాతనే పూవు వేయవలెను. రెక్కలో నున్నది చాలవఱకు నీరే గాన ముందు వేసినచో ఆనవాలు లేక కరగిపోవును. వంగదేశీయులును పిండిలో ముంచి వేయింతురు. ఇటలీవారు లోపల జున్ను కూరి వేయింతురు. తీగ పుట్టిన మెక్సికోలో మొక్కజొన్నరొట్టె మడతలో పెట్టి తిందురు. ఇన్ని దేశముల వంటలలోను నూనెయో పిండియో పూవునకు తోడగుట యాదృచ్ఛికము గాదు. పూవునకు స్వతః రుచి స్వల్పము. మెత్తదనము, వన్నె, కొంచెము వాసన మాత్రమే దాని సొత్తు.

బతుకమ్మతో నుంచు గౌరమ్మను పసుపుముద్దతో చేయుదురు; గుమ్మడిపూవు నడిమి భాగమును గౌరమ్మగా నిలుపుటయు గలదు. కూరకు పనికిరాదని గిల్లివేయు నడిమి భాగమే పూజలో గౌరి యగుచున్నది.

పూవు కూరయగుట పల్లెవారి కల్పనము గాదు, లేమివలన పుట్టిన యలవాటును గాదు. పదునాఱవ శతాబ్దివాడగు భావమిశ్రుని భావప్రకాశము శాకములను ఆకు, పువ్వు, కాయ, కాడ, దుంప, పుట్టగొడుగు వంటి సంస్వేదజములు అని ఆఱు తెగలుగా విభజించినది. పుష్పశాకములలో నగస్త్యము, కదళి, శిగ్రువు, శాల్మలి చెప్పబడినవి. ఇవి వరుసగా తెలుగున అవిసె, అరటి, మునగ, బూరుగు.

అవిసెతో నిఘంటుకారునకు కష్టము కలదు. తెలుగులో అవిసె యనగా పెద్దతెల్లపూవులు పూయు చెట్టు; అవిసెలనగా నూనెగింజలిచ్చు చిన్నపైరు. మొదటిదానికి సంస్కృతమున అగస్త్యము లేక అగస్తి, రెండవదానికి అతసి. రెండు వేర్వేఱు పదములు తెలుగునకు వచ్చి యొకే రూపము తాల్చినట్లు కనబడుచున్నది. రెండింటికిని "అగిసె" యను రూపము గూడ నుండుట యీ యూహను బలపఱచును. పూవు కూరకు వచ్చునది చెట్టుది. నడిమి కేసరములను తీసివేసి వండుదురు, చేదగునని. పైరు పూవు నీలివన్నెది, దానిని వండరు. "అవిసెపూవు" అని మాత్రమే వ్రాసిన గ్రంథము చదివి వంట చేయబూనినవాడు రెండింటిలో దేనిని కోయవలెను?

మునగపూవు ఈ సీమలో సులభముగా దొరకును. చెట్టుక్రింద గుడ్డ పఱచి కొమ్మను కదల్చి రాలినవానిని ఏరుకొన్నచో కాయ యంతగా తఱుగదు. అరటిపూవు గోదావరి, కృష్ణా తీరములవారి వంట. దొప్పలు విప్పి, ఒక్కొక్క చిఱుపూవునుండి ఉడుకని గట్టికాడను, పలుచని రేకును తీసి, నల్లబడకుండ మజ్జిగలో వేసి, వండి ఆవపెట్టుదురు. అరటి పెరుగని సీమవారికి ఆ యోపిక యలవడలేదనుట తప్పుగాదు.

"పువ్వు"నకును "పూత"కును గల భేదము ఇచ్చట చర్చింపదగినది. ఉగాదినాడు పచ్చడిలో పడునది "వేపపూత" యనియు, "వేపపువ్వు" అనియు రెండు విధముల వాడుక గలదు. మామిడిపూత, చింతపూత, వేపపూత యందురు. బంతిపూత, చేమంతిపూత యనరు. కాపునకు ముందు చెట్టంతయు నొక్కమాఱుగా తాల్చు స్థితి పూత. కోసి చేత పట్టుకొన్నది పువ్వు. "చెట్టు పూతకు వచ్చినది", "పూత రాలినది" అను మాటలలో నీ భేదము స్పష్టము. వేపలో రెండు మాటలును చెల్లుటకు కారణము, దానిని చెట్టుమీద కాపుసూచకముగా చూచుటయు, వంటకు కోసికొనుటయు రెండును గలిగియుండుటయే. పచ్చడికి తెచ్చిన వేపపూతను చేటలో పోసి చేతితో నలిపి చెఱిగిన తెల్లనిరెక్కలు వేఱగును, పచ్చని కాడలు వేఱగును. కాడలలో చేదు మిక్కుటము. రెక్కలలో చేదుతోపాటు తేనెవాసన యుండును. నీడను ఆఱబెట్టి నిలువచేసికొని, నేతిలో వేయించి యన్నపు మొదటి ముద్దలో కలుపుకొనుట గలదు. తమిళులు చారు కాతురు. చింతపూవు వేసవి చివరను తొలకరిలోను లేతచిగురుతో గూడ దొరకును. పులుపు దానిలోనే యున్నందున పప్పులో చింతపండు వేయ నక్కఱలేదు. నూఱి తొక్కు చేయుటయు గలదు.

ఆదిలాబాదు, ఖమ్మము అడవులలో నిప్పపువ్వు ఈ లెక్కకు మించినది. అది కూర గాదు, సంవత్సరపు తిండిలో నొక భాగము. కండగల రెక్కలగిన్నె రాత్రి విడివడి తెల్లవాఱునప్పటికి నేలరాలును. కొమ్మనుండి కోయ బనిలేదు, ఏరుటయే. ఎండబెట్టిన నెలలకొలది నిలుచును. గోండులు, కోయలు వేయించియు, ఉడికించియు, బెల్లముతో లడ్డులుగా కట్టియు తిందురు. లోకమున దాని పేరు చెప్పగనే సారాయి స్మరించుట యా తిండికి జరుగుచున్న యన్యాయము.

ఇక పేరులో పువ్వుండి పువ్వు గానివి కొన్ని. "రాతిపువ్వు" బండలమీదను చెట్టుబెరడుమీదను పెరుగు శిలావల్కము. హైదరాబాదు మసాలాలలో పత్తర్‌ఫూల్ అను పేర వాడుదురు. "అనాసపువ్వు" చైనా, వియత్నాము దేశముల చెట్టుకాయ. హిందీలో అనాస్‌ఫల్ అని కాయగా నొకపేరు, చక్రీఫూల్ అని పూవుగా నొకపేరు గలవు. తెలుగువారు రూపమునకే లోబడిరి. "కుంకుమపువ్వు" పూర్తి పువ్వు గాదు, పువ్వులోని కీలాగ్రము. దానికి మాఱుగా కుసుమరెక్కలను కలిపి మోసగించుటయు గలదు. కుసుమ తెలంగాణ మెట్టపొలముల నూనెపైరే. దీనికి విరుద్ధముగా లవంగము నిజమైన పువ్వు, విచ్చని మొగ్గ. పేరులో నా జాడ లేదు. సంస్కృతులు దేవకుసుమమని సరిగా పిలిచిరి.

ఈ లవంగమే తెలుగువారి భోజనాలంకారమును గూర్చి యొక విషయము తెలుపుచున్నది. విస్తరిలో పదార్థములపై పూవు చల్లి యలంకరించుట మన యాచారము గాదు. దేవునకు నివేదించునపుడు పూవు సమర్పించినను అది నిర్మాల్యము. తీసి కన్నులకద్దుకొనవలసినది, తినవలసినది గాదు. తినుటకైన పూవు కూరలోపలనే యుండును. అలంకారమును తిండియు నొకటైన చోటు తాంబూలము: ఆకుమడత విడకుండ గ్రుచ్చిన లవంగము, లోపల గులాబిరెక్కలను చక్కెరతో ఊఱవేసిన గుల్కందు. సువాసన యిచ్చుటకు పూవును వాడుట మాత్రము ప్రాచీనము. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున త్రాగునీటిని పూవులచే వాసించు విధము గలదు. ఈ సీమకు దూరముగాని కొలనుపాక ఆ రాజుల యేలుబడిలో ముఖ్యనగరము. తరువాత హైదరాబాదు పాకశాలలలో మొగలినీరు బిరియానీకి వచ్చినది. ఆ నీరు గంజాము తీరమున, మొగలి మగపూవు గుత్తులనుండి దింపబడును.

ఇటీవల వంటకములపై నేదో యొక పూవునుంచి యలంకరించు నాగరికత విందులలో ప్రబలుచున్నది. నిఘంటువులోని "పుష్పవిశేషము" ఇచ్చట ప్రాణాపాయమగును. తంగేడును పచ్చగన్నేరును రెండును పసుపువన్నె పూవులే. తంగేడుపూవును ఎండబెట్టి కషాయము కాతురు. పచ్చగన్నేరు సర్వాంగములును గుండెకు విషము. తంగేడునకు విడివిడిగా నైదు రెక్కలు, నడుమ వంగిన కేసరములు, జంటజంటలుగా చిఱుటాకులు, పలుచని బద్దకాయ. పచ్చగన్నేరుపూవు గరాటువలె నొకటిగా నుండి రెక్కలు మెలిదిరిగియుండును. ఆకు సన్నగా పొడుగుగా నుండును. త్రుంచిన పాలు కాఱును. వానకాలమున పొదలమీద మంటవలె పూయు నగ్నిశిఖయు, ఎఱ్ఱగన్నేరును, ఉమ్మెత్తయు, జిల్లేడును చూచుటకే గాని నోటికి గావు. మందారమును తినవచ్చునని వినినవాడు పేరునుగూర్చి జాగ్రత్తపడవలెను: సంస్కృత కావ్యముల మందారము దేవతరువు, దానిపేర లోకమున వేఱుచెట్లును పిలువబడుచున్నవి, తెలుగు పెరటి మందారము జపాపుష్పము, దాసాని. వన్నెనిచ్చు నీ దాసానియే తినదగినది. అంగడి బంతియు, గులాబియు మాలలకై మందులు చల్లి పెంచినవి గాన తినదగిన జాతివైనను తినరాదు.

మద్దూరు వంటి మెట్టసీమలలో మఱియొక చిక్కు గలదు. పత్తిచేలకు పురుగుమందు చల్లు కాలమును, గట్టుమీది గుమ్మడిపూవు కోయు కాలమును నొకటే. మందు సోకిన గట్టుపూవు సిబ్బి కెక్కవచ్చును గాని కుండలోనికి పోరాదు. గునుగు విషయమున కాలమే పాలుపంచినది. వాన పడిన నెలలో జొన్నచేలలోను, పెసరచేలలోను కలుపుగా మొలచి, లేతగా నున్నపుడు గునుగాకు కూరయగును. పండుగనాటికి ముదిరి తెల్లని, గులాబివన్నె కంకులు తొడిగి పూవుగా పేర్పులో నిలుచును. ఆ కంకులకు నేడు ముంచు రంగులు అంగడి రంగులు గాన వానిని వంటపాత్రలకు దూరముగా నుంచవలెను. కలుపుమందు చల్లిన చేనిలో గునుగు మొదట కూరయగుటయు లేదు, తరువాత పూవగుటయు లేదు. బతుకమ్మకు కావలసిన గునుగును వెదకి బీడునేలలకు పోవుచున్న స్త్రీలకు దాని లేతయాకు రుచి యింకను జ్ఞాపకమున్నప్పుడే, నిఘంటువులో "గునుగు" అను పదము క్రింద ఆకు, కంకి, మాసము, వంట నాలుగును వ్రాసికొనుట సాధ్యము.